పాత చేతిపని గాజు గ్లాసు ఎక్కడిదో పట్టుకోవడం ఎలా?

సెకండ్‌హ్యాండ్ గ్లాసు చేతికి రాగానే అందరూ అడుగు తిప్పి పేరు వెతుకుతారు. పేరు చివర చూడాల్సింది. ముందు అదెలా తయారైందో, తర్వాత అదేం గాజో తేలితే ఆ పేరు నిజమో కాదో అప్పుడు తెలుస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఫోన్ టార్చి, వంటింటి డిజిటల్ కాటా, దారం, చిన్న బకెట్టు ఉంటే చాలు.

గ్లాసు కడిగి, ఆరాక లోపల వేలు పెట్టి తడమండి. బయటి డిజైను లోపల కూడా ఎత్తుపల్లాలుగా తగిలితే అచ్చులో ఊదిన గ్లాసు. బయట డిజైను ఉండి లోపల నున్నగా ఉంటే, ప్రెస్‌లో ఒత్తిందో సాన మీద కోసిందో అయ్యుంటుంది. కోసిన దానికి గీతల కొసలు వేలికి పదునుగా తగులుతాయి. ఒత్తిన దానికి మొద్దుగా ఉంటాయి, పక్కన అచ్చు అతుకు కూడా కనిపిస్తుంది. అతుకు లేదు కాబట్టి చేతిపనే అనుకుంటే మోసపోతారు. తడి అచ్చులో తిప్పుతూ ఊదితే అతుకు చెరిగిపోతుంది, యంత్రాలూ ఆ పని చేస్తాయి.

అంచు సరిచేసేటప్పుడు పనివాడు గ్లాసు అడుగున ఇనుప కడ్డీ అంటించి పట్టుకుంటాడు. దాన్ని విరిచిన చోట గరుకు మచ్చ మిగులుతుంది, లేదా సానపట్టిన నాణెమంత గుంట ఉంటుంది. మచ్చ లేనంత మాత్రాన చేతిపని కాదనలేం. పాదాన్ని స్ప్రింగు పటకారుతో పట్టి చేసిన వాటికి మచ్చ పడదు. ఆరు గ్లాసుల సెట్టు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి, చేతిపనిలో ఎత్తు, బరువు కొద్దికొద్దిగా తేడాపడతాయి.

ఇప్పుడు సాంద్రత. ఎక్కువ చిక్కులు విప్పేది ఇదే. పొడి గ్లాసును తూచి రాసుకోండి. బకెట్టులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. గ్లాసును దారంతో కట్టి పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే గ్రాములతో పొడి బరువును భాగించండి. 261 గ్రాముల గ్లాసుకు కాటా 90 చూపిస్తే 2.90. మామూలు సోడా గాజు 2.5 దగ్గర ఉంటుంది. యూరప్‌లో 1969 నాటి నిబంధన ప్రకారం సీసం క్రిస్టల్ అనాలంటే కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడు, కనీసం 2.90 సాంద్రత ఉండాలి.

గ్లాసు అడుగుకో గోడకో తగిలినా, లోపల గాలి చిక్కినా కాటా ఎక్కువ చూపిస్తుంది, సీసం గాజు లెక్క కూడా సోడా గాజులా వస్తుంది. అందుకే బోర్లా ముంచకండి, పక్కకు వంచి గాలి పోనివ్వండి. ఒక గ్రాము కాటాతో చిన్న లిక్కర్ గ్లాసు తూచి నమ్మకండి, పెద్ద తప్పు వస్తుంది. ఈమధ్య సీసం లేని క్రిస్టల్ కూడా చాలా వస్తోంది, కాబట్టి తక్కువ సాంద్రత ఉన్నంత మాత్రాన నాసిరకమని కాదు.

మన పాత సామాన్ల అంగళ్లలో మందపాటి గాజు కనబడితే బెల్జియందంటారు. ఆ దేశంలో 1826లో మొదలైన క్రిస్టల్ కార్ఖానా వాల్ సాన్ లాంబేర్ పేరు చెబితే తూచండి. 2.5 వస్తే క్రిస్టల్ ధర పెట్టకండి.

బుడగలున్న గ్లాసులది వేరే కథ. అమెరికా థ్రిఫ్ట్ షాపుల్లో నీలి అంచుతో, లేత ఆకుపచ్చ ఛాయతో, చిన్నా పెద్దా బుడగలు చెల్లాచెదురుగా ఉన్న బరువైన గ్లాసు కనిపిస్తే ముందు మెక్సికోను అనుమానించండి. అక్కడ హలిస్కో రాష్ట్రంలో పగిలిన సీసాలు కరిగించి ఊదుతారు. ఫ్రాన్స్‌లో 1956లో ఎలోయ్ మోనో స్థాపించిన బియో కార్ఖానాలో బుడగలు కావాలనే తెప్పిస్తారు. గాజు మీద సోడా చల్లి పైన ఇంకో పొర కప్పుతారు. బుడగలు రెండు పొరల మధ్య చిక్కుకుంటాయి, పైభాగం వేలికి నున్నగా తగులుతుంది.

చివరికి ముద్ర. అడుగు మీద నోటి ఆవిరి ఊది, టార్చి పక్కనుంచి వేయండి. యాసిడ్ ముద్ర ఒక్క క్షణం తెల్లగా లేస్తుంది. ఫ్రాన్స్ క్రిస్టల్ కంపెనీ బాకరా 1936లో తన వస్తువుల మీద కూజా, గ్లాసులున్న గుండ్రటి ముద్ర వేయడం మొదలుపెట్టింది, అంతకుముందువి చాలా వరకు ముద్ర లేకుండానే ఉంటాయి. ఐర్లాండ్‌లోని వాటర్‌ఫర్డ్ పాత గాజు కార్ఖానా 1783 నుంచి 1851 దాకా నడిచింది, మళ్లీ 1947లో మొదలైంది. యాసిడ్‌తో వేసిన ఆ పేరు ఉంటే రెండో కాలానిదే, 18వ శతాబ్దం అంటే ఒప్పుకోకండి. చెకోస్లోవాకియా స్టిక్కరు 1918–1992 మధ్యది. స్టిక్కరు ఇంకో గ్లాసుకు అంటించడం తేలిక కాబట్టి దాని కింద గాజు కూడా చూడండి, మిగతా అడుగులా అరిగి ఉందా లేక మెరుస్తోందా అని. నిజమైన అరుగుదల బల్లకు తగిలే వలయం మీదే, అన్ని దిక్కులా గీతలుగా ఉంటుంది. ఒకే దిక్కున సమానంగా గీతలుంటే ఎమరీ కాగితంతో రుద్దినట్టే.