విశాఖకు కొత్తగా వచ్చారా? ముందు అలారం మార్చుకోండి

ఉద్యోగం బదిలీ మీదో, చదువుకో, దుబాయో సింగపూరో వదిలేసి తిరిగొచ్చో విశాఖలో దిగినవాళ్ళు మొదటి ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తారు. వెళ్ళండి. మురీ మిక్చర్ తినండి. ఒడ్డునే ఉన్న కురుసుర జలాంతర్గామి లోపలికి దూరి చూడండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన అసలు సిసలు జలాంతర్గామి అది. సోమవారం మాత్రం సెలవు. సముద్రంలో సూర్యాస్తమయం కోసం ఎదురు చూడకండి. ఇది తూర్పు తీరం, సూర్యుడు మీ వెనక కొండల చాటుకు దిగిపోతాడు. ఆ జనం, పార్కింగు గొడవ చూసి వైజాగ్ అంటే ఇంతేనా అనుకునేవాళ్ళున్నారు. ఈ ఊరిని పొద్దున్నే పట్టుకోవాలి.

మొదట ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి, బాగా తెల్లవారకముందే. నేలంతా తడి, ఉప్పు నీళ్ళు, మంచు ముక్కలు. మంచి బూట్లు వేసుకోవద్దు. బోట్లలోంచి దించిన చేపల్ని కుప్పలుగా పోసి వేలం పాట పెడతారు. ఆ పాట వ్యాపారులది, మనం మధ్యలో దూరకూడదు. పాటలో కొన్న సరుకును పక్కనే కూర్చుని చిల్లరగా అమ్మే ఆడవాళ్ళుంటారు, మన బేరం వాళ్ళతో. కొత్తవాళ్ళు రాగానే వంజరం, చందువ అడుగుతారు, ధర కూడా ఆ స్థాయిలోనే చెబుతారు. నన్నడిగితే పులుసుకి కానాగంతలు, వేపుడుకి నెత్తళ్ళు తీసుకోండి. ధర తక్కువ, రుచి ఎక్కువ. మొప్పలు ఎత్తి చూపించమనండి: ఎర్రగా ఉండాలి, కన్ను తేటగా ఉండాలి. "ఎంతమ్మా?" అని మర్యాదగా అడిగి బేరమాడితే ఎవరూ ఏమీ అనుకోరు; అడిగి, పట్టుకుని, వాసన చూసి ఏమీ కొనకుండా వెళ్ళిపోతే మాత్రం నాలుగు మాటలు పడతాయి. చేప కోసి శుభ్రం చేసేవాళ్ళు వేరే ఉంటారు, కూలీ వాళ్ళకి విడిగా ఇవ్వాలి. చిల్లర దగ్గర పెట్టుకోండి.

ఒక లెక్క గుర్తుంచుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ తీరంలో మరబోట్ల వేట నిషేధం. హార్బర్ బోసిపోతుంది, ధరలు పెరుగుతాయి. ఆ రెండు నెలల్లో ఏ హోటల్లోనైనా "పొద్దున్నే పట్టిన వంజరం సార్" అంటే కాస్త ఆలోచించండి. తెడ్లతో నడిచే తెప్పలకు నిషేధం ఉండదు కాబట్టి పెద జాలరిపేట ఒడ్డున కొంచెం కొంచెంగా తాజా చేప దొరుకుతుంది.

చేపలు తిననివాళ్ళకు ఎంవీపీ కాలనీ రైతుబజారు ఉంది. ఏజెన్సీ కొండల నుంచి వచ్చే సరుకు కోసమే వెళ్ళండి: వేసవిలో పనస, చలికాలం మొదట్లో సీతాఫలం. పనసపొట్టు కొట్టి అమ్ముతుంటే వదలొద్దు. ఆవ పెట్టి వండితే దానికి సాటి లేదు. వీధి బండి మీద చోడి అంబలి తాగి చూడండి. రాగుల్నే ఇక్కడ చోళ్ళు అంటారు. టిఫిన్‌లో పూరీతో శనగపిండి బొంబాయి చట్నీ అడగండి. బెల్లం ఆవకాయ చూసి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు, రెండో ముద్దకి సర్దుకుంటారు. గోధుమ పాలతో చేసే మాడుగుల హల్వా సంగతి చుట్టాలే చెబుతారు, నేను చెప్పక్కర్లేదు.

పాత ఊరిని, అంటే వన్‌టౌన్‌ని, నడిచే చూడాలి. కురుపాం మార్కెట్ సందుల్లో కారు పెట్టే ప్రయత్నం చేయకండి. పోర్టు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్న రాస్ హిల్ ఎక్కితే ఓడలు లోపలికొచ్చే దారి, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తాయి.

భీమిలి రోడ్డుకి ఒక రోజంతా పెట్టుకోండి. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం శిథిలాలున్నాయి. బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. ఫొటో కోసం గట్ల అంచున నిలబడొద్దు, మట్టి జారుతుంది. చివర్లో భీమిలి, డచ్చివాళ్ళ సమాధులు. దారిలో ఎక్కడ పడితే అక్కడ నీళ్ళలోకి దిగొద్దు. పైకి నిమ్మళంగా కనిపించినా లోపల లాగేస్తుంది. రుషికొండ బీచ్‌లో కూడా గార్డులు గీసిన హద్దు దాటొద్దు.

అరకు రైలు సంగతి అందరూ చెబుతారు, దాన్ని వదిలేస్తున్నాను. బదులుగా అచ్యుతాపురం వైపు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు చూడండి. తాటి బోదెలు తొలిచి చేసిన దోనెల్లో పక్షుల మధ్య తిప్పుతారు. పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే పిట్టలూ ఉండవు, ఓపికా ఉండదు.

ఇక సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు తొలిపావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. భక్తి లేకపోయినా ఒక ముక్క నడిచి చూడండి. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, పళ్ళు పట్టుకుని "తీసుకోండమ్మా" అని బతిమాలే ఊరిని మళ్ళీ ఏడాది దాకా చూడలేరు. నడవనివాళ్ళు ఆ మధ్యాహ్నం నుంచి హనుమంతవాక, ఎన్ఏడీ కూడళ్ళ వైపు ఏ పనీ పెట్టుకోకండి. రైలుంటే పొద్దున్నే స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న చుట్టాలింటికి చేరిపోండి.