ఇండోనేషియన్ నేర్చుకుందాం, 9వ పాఠం: 'టేక్' అంటే ప్రతిచోటా అంబిల్ కాదు

పోయిన పాఠంలో టేక్‌కి అంబిల్ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను, అలా వదిలేయకుండా ఉండాల్సింది. పది వాక్యాలు రాయమంటే పదింట్లోనూ అంబిలే వచ్చింది, బస్సుకీ అంబిల్, మాత్రకీ అంబిల్, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికీ అంబిల్. అందుకే ఈసారి చెప్తానన్న 'గివ్' పక్కన పెట్టి ముందు ఇది సరిచేద్దాం.

అంబిల్ అంటే ఒకచోట ఉన్నదాన్ని మనం వెళ్ళి తీసుకోవడం. టేబుల్ మీద తాళాలు, ఏటీఎంలో డబ్బులు, ఆఫీసులో సెలవు కూడా, అంబిల్ చుతి అంటారు. పర్సు ఎవరో కొట్టేస్తే డిఅంబిల్ ఒరాంగ్, అంటే ఎవరో తీసేసుకున్నారని. కానీ ఎదుటివాళ్ళు ఇస్తే తీసుకోవడం తెరిమా, మన పుచ్చుకోవడం లాంటిది, తెరిమా కాసిహ్ (థాంక్స్)లో ఉన్న తెరిమా ఇదే, లంచం పుచ్చుకున్నా ఇదే. క్రియ ముందు చేర్చే మె- చేరితే అంబిల్ మెఙంబిల్ ఎలా అవుతుందో మళ్ళీ చెప్పను. నేనైతే మాట్లాడేటప్పుడు మె- తీసేస్తా, రాతలోనే పెడతా.

ఇప్పుడు అసలు సంగతి. నేను అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తున్నా అనడానికి 'సాయా మెఙంబిల్ ఇబు కె రుమాహ్ సాకిత్' అని రాసినవాళ్ళు ఇది శ్రద్ధగా చదవండి. తెలుగులో తీసుకో, తీసుకెళ్ళు, తీసుకురా అన్నిట్లో ఒకే 'తీసు' ఉంది కాబట్టి మనకి అంబిల్ పక్కన కె (మన 'కి' లాంటిది) పెడితే తీసుకెళ్ళడం అయిపోయినట్టే అనిపిస్తుంది. అవ్వదు. వాడుకలో 'అంబిల్ పాకెత్ కె కాంతోర్ పోస్' అంటే పోస్టాఫీసుకెళ్ళి పార్సిల్ తెచ్చుకో అని, పార్సిల్ అక్కడికి తీసుకెళ్ళమని కాదు. అర్థం పూర్తిగా తిరగబడింది చూశారా.

జకార్తా వెళ్ళిన కొత్తలో ఒక రాత్రి పదకొండింటికి మా పాపకి జ్వరం బాగా ఎక్కువైంది. తెలిసిన డ్రైవర్‌కి ఫోన్ చేసి మా పాపని ఆస్పత్రికి తీసుకెళ్ళండి అనుకుంటూ 'తోలొంగ్ అంబిల్ అనక్ సాయా కె రుమాహ్ సాకిత్' అని, ఆస్పత్రి పేరు చెప్పి, పాపని భుజానేసుకుని గేటు దగ్గర నిలబడ్డా. ఇరవై నిమిషాలైనా కారు రాలేదు. ఒళ్ళు కాలిపోతోంది, చొక్కా మీంచి కూడా తెలుస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది, 'సాయా సుడాహ్ డి లోబి, పాక్' అన్నాడు, అంటే ఆస్పత్రి లాబీలో ఉన్నా సార్ అని. పాపని అక్కడి నుంచి ఇంటికి తెమ్మన్నానని అనుకున్నాడు పాపం, ఆయన తప్పేముంది. తర్వాత వచ్చి పాప మొహం చూసి మెల్లగా 'ఓ, డిఅంతర్' అన్నాడు. ఆ మాట నేను మళ్ళీ మర్చిపోలేదు.

అంతర్ అంటే వెంట వెళ్ళి దింపిరావడం. జెంపుత్ అంటే వెళ్ళి ఎక్కించుకురావడం, ఎయిర్‌పోర్ట్‌కి వచ్చిన అత్తగారిని జెంపుత్ చేస్తాం, అంబిల్ కాదు. మెఙంబిల్ అనక్ అంటే దత్తత తీసుకోవడం అనే అర్థం కూడా ఉంది, కాబట్టి పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. అక్కడ స్కూల్ వ్యాన్ల మీద 'అంతర్ జెంపుత్' అని రాసుంటుంది, లాండ్రీ షాపుల బోర్డుల మీద కూడా, అంటే మన పికప్, డ్రాప్. ఈ జంటని జంటగానే గుర్తుపెట్టుకోండి, నేను అలాగే పట్టుకున్నా.

ఇక బావా. వెంట పెట్టుకుని వెళ్ళినా బావా, తెచ్చినా బావా, ఎటు అనేది పక్కమాట చెప్తుంది, బావా కె సినీ అంటే ఇటు తీసుకురా, బావా కె సానా అంటే అటు తీసుకెళ్ళు. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి మెంబావా కూడా తప్పు కాదు, ఒంట్లో బాగోలేక మనమే చూసుకుంటూ తీసుకెళ్తుంటే అదే సహజం. చెకప్‌కి తోడెళ్తే నేను అంతర్ అంటా.

మిగతావి ఒక్కసారి చదివితే వచ్చేస్తాయి. బస్సు, రైలు, ట్యాక్సీ ఏదైనా నాయిక్, మనం ఎక్కడం అన్నట్టే. స్నానం మాండి. పరీక్ష ఇకుత్ ఉజియన్. రెండు గంటలు పడుతుంది అనడానికి మాకాన్ వక్తు దువా జామ్, టైమ్ తింటుందన్నమాట. హోటల్లో పార్సిల్ కావాలంటే డిబుంకుస్, పొట్లం కట్టమని. మాత్రలకి మినుమ్ ఒబాత్, మాత్ర మింగినా మందు తాగడమే, 'సుడాహ్ మినుమ్ ఒబాత్?' అని ఎవరైనా అడిగితే మాత్ర వేసుకున్నావా అని అర్థం, తెలుగు చెవితో విని కంగారుపడొద్దు.

అభ్యాసం ఒకటే ఇస్తున్నా, కానీ కష్టపడి చేయాలి. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేశారో పదిహేను వాక్యాలు రాయండి, అంబిల్ రెండుసార్లకి మించకూడదు. దాంతోపాటు ఈ వాక్యం: 'పిల్లాణ్ణి స్కూల్లో దింపి, దారిలో మందులు తీసుకుని, స్టేషన్ నుంచి నాన్నగారిని ఇంటికి తీసుకురా.' మందులు డబ్బులిచ్చి కొనాలంటే బెలి, ముందే కొనేసి షాపులో పెట్టించి ఉంటే అంబిల్, ఏది అనుకుని రాశారో కింద తెలుగులో చెప్పండి.