తాటిపూడి రిజర్వాయర్‌కి పిల్లలతో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

కార్తీక వనభోజనాలకి మన విజయనగరం వాళ్లు చాలామంది గంట్యాడ మండలంలోని తాటిపూడికే వెళ్తారు. నీళ్లు నిలకడగా కనిపిస్తాయి గానీ అది ఊరి చెరువు లాంటిది కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నదికి కట్టిన ఆనకట్ట. అడుగున ఉన్నది పాత లోయ కాబట్టి మోకాలి లోతు దాటిన రెండడుగులకే కాలికి నేల అందకపోవచ్చు. ఈత వచ్చినా దిగొద్దు. తూముల దగ్గరికి అసలే పోవద్దు.

బోటు ఎక్కుతుంటే లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ పిల్లాడి చెవుల దాకా లేచిందంటే అది వదులు, చిన్న సైజు అడగండి. లేదంటే ఆ బోటు వదిలేయండి, ఏం పోదు.

వేసవిలో మధ్యాహ్నం దాటాక కొండల మీద మబ్బు పడితే వెంటనే ఒడ్డుకి రండి. పిడుగుల హెచ్చరికకు ఫోన్‌లో దామిని యాప్ ఉంచుకోండి.

ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకకండి. తాడో, చీరో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి. 108కి ఫోన్ చేయండి. బయటికి తీశాక పొట్ట నొక్కొద్దు. ఊపిరి ఆడకపోతే నోటితో శ్వాస ఇస్తూ ఛాతీ నొక్కాలి.

విశాఖ జనం తాగే నీళ్లివి. గిన్నెలు అందులో తోమకండి, విస్తళ్లు సంచిలో వెనక్కి తెచ్చేయండి.