పనుల జాబితాను క్యాలెండర్‌లో సర్దుకోవడం: 22 రిటర్నుల లెక్క

మూడేళ్ల క్రితం ఒక నెల 20వ తేదీ ఉదయం ఫోను తెరిస్తే, టాస్కుల జాబితాలో ఆ ఒక్క రోజు కిందే 22 పనులు వరుసగా కనిపించాయి. అన్నీ జీఎస్టీఆర్-3బి రిటర్నులే, అంటే వ్యాపారి తన జీఎస్టీ లెక్క చూపి పన్ను కట్టే పత్రాలు. నేను తెనాలిలో చిన్న ట్యాక్స్ ఆఫీసు నడుపుతాను. మొత్తం 31 పార్టీలు, అంటే నాతో పన్ను పని చేయించుకునే వ్యాపారులు. వాటిలో 22 నెలనెలా రిటర్ను వేసేవి, 9 మూడు నెలలకోసారి వేసేవి. జాబితా తప్పేమీ చెప్పలేదు. చివరి తేదీ 20, నేనూ అదే తేదీ వేసి పెట్టుకున్నాను. ఆ రోజు అర్ధరాత్రి దాకా కూర్చున్నా మూడు మిగిలిపోయాయి. రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. నా వల్ల జరిగింది కాబట్టి నేనే కట్టాను. డబ్బు చిన్నదే. “బిల్లులు మీకు 12నే పంపాను కదండీ” అని ఎరువుల కొట్టు యజమాని అన్న మాట మాత్రం చాలా రోజులు నన్ను వదల్లేదు.

మర్నాడు కాగితం తీసుకుని లెక్క వేశాను. కొనుగోలు బిల్లులను 2బి తో (అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) సరిచూసి, పన్ను లెక్కగట్టి, చలానా కట్టించి, రిటర్ను దాఖలు చేసే సరికి ఒక్కో పార్టీకి సగటున 40 నిమిషాలు పడుతుంది. 22 పార్టీలకు 880 నిమిషాలు, అంటే 14 గంటల 40 నిమిషాలు. ఒక్క రోజులో అది అయ్యే పని కాదు. ఈ సంగతి జాబితాను ఎన్నిసార్లు చూసినా తెలియదు, ఎందుకంటే అందులో ఐదు నిమిషాల ఫోను కాలూ ఒక గీతే, ఐదు గంటల పనీ ఒక గీతే. క్యాలెండర్‌లో మాత్రం గంటకు గంటంత చోటు కావాలి. అందుకే రెండింటినీ కలిపి వాడటం మొదలుపెట్టాను.

నేను వాడేది గూగుల్ క్యాలెండర్, దానితో పాటే వచ్చే గూగుల్ టాస్క్స్. డబ్బు కట్టనక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవారందరికీ గూగుల్ ఖాతా ఎలాగూ ఉంటుంది. కంప్యూటర్‌లో క్యాలెండర్ తెరిస్తే ఎడమవైపు మీ క్యాలెండర్ల పేర్లు ఉంటాయి. అక్కడ ‘టాస్క్స్’ పక్కన టిక్కు పెట్టి ఉందో లేదో ముందు చూసుకోండి. అది లేకపోతే మీరు రాసుకున్న పనులేవీ గళ్లలో కనిపించవు. టిక్కు ఉన్నా, తేదీ వేయని పని క్యాలెండర్‌లోకి రాదు, జాబితాలోనే ఉండిపోతుంది. మొదట్లో ఇది లోపమని అనుకున్నాను. నిజానికి మంచి సౌకర్యం, ఎందుకో కాసేపటికి చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది: చివరి తేదీ వేరు, పని చేసే తేదీ వేరు. రెండింటినీ ఒకే చోట రాయకండి. చివరి తేదీని క్యాలెండర్‌లో ఈవెంటుగా పెట్టండి. పని చేసే తేదీని టాస్కుకు ఇవ్వండి.

చివరి తేదీల కోసం ‘గడువులు’ అని విడిగా ఒక క్యాలెండర్ తయారుచేసి ఎరుపు రంగు ఇచ్చాను. ఈ పని కంప్యూటర్‌లో చేస్తే తేలిక. అందులో ప్రతి నెలా తిరిగి వచ్చేలా రోజంతా ఉండే ఈవెంట్లు పెట్టాను: 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) జమ, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను), 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బి. మూడు నెలల పార్టీలకు త్రైమాసికంలో మొదటి రెండు నెలల పన్ను మరుసటి నెల 25లోగా కట్టాలి, త్రైమాసికం ముగిశాక 3బి 22లోగా వేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ 22వ తేదీయే, కొన్ని ఉత్తరాది రాష్ట్రాలకు 24. మార్చి నెల టీడీఎస్‌కు మాత్రం ఏప్రిల్ 30 దాకా సమయం ఉంటుంది కాబట్టి ఏప్రిల్ 7న ఉన్న గడిని తీసేసి 30న పెట్టాను. ఒక పూట కూర్చుంటే ఇదంతా అయిపోతుంది, తర్వాత అవే వస్తుంటాయి. ఈ ఎర్ర గళ్లలో చేయవలసిన పనేమీ ఉండదు. అవి పొలం గట్టు లాంటివి, పని వాటికి ఇవతలే ముగియాలి.

టాస్కులకు మాత్రం నేను ‘ప్రతి నెలా’ అని పెట్టను. ఈ నెల 15న చేసిన పని వచ్చే నెల 15న చేయగలనన్న నమ్మకం లేదు, ఆ రోజు ఆదివారం కావచ్చు, ఇంట్లో శుభకార్యం ఉండవచ్చు. అందుకని ప్రతి నెలా చివరి ఆదివారం గోడ మీది తెలుగు క్యాలెండర్‌ను పక్కన పెట్టుకుని వచ్చే నెల టాస్కులు కొత్తగా రాసుకుంటాను. అరగంట పడుతుంది. నెల మొత్తం మీద నా ఆలోచన బాగా పనిచేసే అరగంట అదే.

ఉదాహరణకు 2026 అక్టోబరు చూడండి. 20 మంగళవారం, విజయదశమి. 18 ఆదివారం. 2బి వచ్చేది 14న, అంతకు ముందు 3బి పని మొదలుపెట్టి లాభం లేదు, అమ్మినవాళ్లు ఏ బిల్లులు చూపించారో అప్పటికి గానీ తేలదు. అంటే చేతిలో ఉన్నవి గురువారం 15, శుక్రవారం 16, శనివారం 17, ఆ తర్వాత సోమవారం 19. పండుగ రోజు గడువు పెంచుతారేమోనన్న ఆశతో నెల సర్దుకోకూడదు. కాబట్టి 8, 7, 7 చొప్పున మూడు రోజులకు పంచి, సోమవారం ఖాళీగా ఉంచుతాను, మిగిలిపోయినవాటి కోసం. ఎనిమిది పార్టీలంటే 5 గంటల 20 నిమిషాలు. గురువారం ఉదయం 10 నుంచి 1 వరకు, 3 నుంచి 5:30 వరకు ‘3బి’ అని రెండు ఈవెంట్లు గీసుకుంటే సరిపోతుంది. అలా గీస్తున్నప్పుడే అదే గురువారం మీద పీఎఫ్, ఈఎస్ఐ ఎర్ర గడి కనిపిస్తుంది. వెంటనే ఆ టాస్కును సోమవారం 12కు జరుపుతాను. 11 ఆదివారం కాబట్టి జీఎస్టీఆర్-1 పని 9కే ముగియాలి, 10 రెండో శనివారం. ఇవేవీ జాబితా చూసి తెలుసుకోగలిగేవి కావు.

గమనించారో లేదో, గంటల కోసం ఈవెంటు గీశాను, పార్టీల కోసం టాస్కులు రాశాను. ఒక్కో టాస్కుకూ విడిగా సమయం ఇస్తే గడి చిన్న చిన్న ముక్కలై చదవడానికి వీలుండదు. సమయం లేకుండా తేదీ మాత్రమే ఇచ్చిన టాస్కులు ఆ రోజు గడి పైభాగంలో వరుసగా నిలబడతాయి. కింద ‘3బి’ అని గంటల దిమ్మె, పైన ఎనిమిది పేర్లు. ఒక్కొక్కటి ముగిసినప్పుడల్లా టిక్కు కొడతాను, పేరు మీద గీత పడుతుంది.

కచ్చితంగా సమయం ఇవ్వవలసిన టాస్కు ఒకటుంది, ఓటీపీ ఫోను. సొంత వ్యాపారుల రిటర్నులు ఓటీపీతో దాఖలు చేస్తాం, అది యజమాని ఫోనుకే వెళ్తుంది. దసరా ముందు బట్టల కొట్టు ఆయనకు సాయంత్రం ఫోను చేస్తే ఎత్తరు, ఎత్తినా కౌంటరు దగ్గర పది మంది ఉంటారు. ఆయనకు ఉదయం 10:30. రైస్ మిల్లు ఆయనకు మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నాక, 2:30. ఈ రెండు టాస్కులకూ సమయం పెడతాను, ఫోను మోగుతుంది. మిగతావాటికి మోత అక్కర్లేదు. అన్నిటికీ మోత పెట్టుకుంటే వారం తిరిగేసరికి దేన్నీ పట్టించుకోవడం మానేస్తాం.

టాస్కు పేరులో పని కనబడాలి. ‘ఎరువుల కొట్టు’ అని రాస్తే ఆ పేరు చూసినప్పుడల్లా ఏం చేయాలో మళ్లీ ఆలోచించాలి. ‘ఎరువుల కొట్టు – కొనుగోళ్లు 2బి తో సరిచూడాలి’ అని రాస్తే చెయ్యి దానంతటదే పనిలోకి వెళ్తుంది. వివరాలు రాసే చోట తేడా వచ్చిన బిల్లు నంబరు, ఎవరికి ఫోను చేయాలన్నది వేసి ఉంచుతాను.

ఇప్పుడు తేదీ లేని పనుల సంగతి. ‘పాత ఫైళ్లు స్కాన్ చేయించాలి’, ‘ప్రింటరు బాగుచేసే మనిషిని కనుక్కోవాలి’ లాంటివి అప్పుడప్పుడూ తడతాయి. వాటికి ఏదో ఒక తేదీ పడేస్తే గళ్లు అబద్ధాలతో నిండిపోతాయి. తేదీ వేయకుండా జాబితాలోనే ఉంచండి, క్యాలెండర్‌కు అడ్డం రావు. శనివారం సాయంత్రం ఒకసారి చూసి, వచ్చే వారంలో నిజంగా ఖాళీ గడి దొరికితే ఒకటో రెండో అందులోకి తెస్తాను.

రోజూ ఆఫీసు మూసే ముందు పది నిమిషాలు కేటాయించండి. కాని పనులను మౌసుతో పట్టుకుని రేపటి గడిలోకి లాగవచ్చు. చేత్తో జరపడమే మంచిది, ఎన్నోసారి జరుపుతున్నామో మనసుకు తెలుస్తుంది. ఒకే పనిని మూడోసారి జరుపుతున్నానంటే దాని వెనుక వేరే కారణం ఉందన్నమాట. చాలాసార్లు బిల్లులు రాలేదు, లేదా పార్టీ చలానా కట్టలేదు. అప్పుడు ఆ టాస్కును జరపను, దాన్ని మార్చి ‘బిల్లుల కోసం ఉదయం 10 కి ఫోను’ అని రాస్తాను. పని అక్కడి నుంచి కదులుతుంది.

ఒక ఇబ్బంది ఉంది. గూగుల్ క్యాలెండర్‌ను ఇంకొకరితో పంచుకోవచ్చు గానీ, మీ టాస్కులు వారికి కనిపించవు. నా దగ్గర పనిచేసే అమ్మాయికి ‘గడువులు’ క్యాలెండర్ పంచుకున్నాను, తన టాస్కులు తన ఖాతాలో తనే రాసుకుంటుంది. ఇద్దరికి ఇది చాలు. నలుగురైదుగురు ఒకే పనులు పంచుకునే ఆఫీసైతే టుడూయిస్ట్, టిక్‌టిక్ లాంటి యాప్‌లు చూడండి, జాబితాను ఇతరులతో పంచుకోవచ్చు, క్యాలెండర్ రూపంలోనూ చూడవచ్చు, కాకపోతే కొన్ని సౌకర్యాలు డబ్బు కట్టినవారికే. ఐఫోను వాడేవారికి 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి రిమైండర్లు క్యాలెండర్‌లోనే కనిపిస్తున్నాయి, పైన చెప్పిన పద్ధతి అక్కడా పనికొస్తుంది.

ఈ వారమే మొదలుపెట్టాలనుకుంటే అన్నిటినీ ఒకేసారి ఎక్కించకండి. ముందు గడువులు ఎర్రగా పెట్టండి. తర్వాత ఒక్క గడువు తీసుకుని, దాని కింద ఎన్ని పనులున్నాయో, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో కాగితం మీద గుణించి, అన్ని గంటల ఈవెంటును గడువుకు కనీసం ఒక రోజు ముందే ముగిసేలా గీయండి. ఎక్కడా పట్టకపోతే, ఆ వారం ఒప్పుకున్న పనుల్లో దేన్ని వెనక్కి జరపాలో అదే రోజు పార్టీకి ఫోను చేసి చెప్పేయండి.