మినుముకు యూరియా చల్లే ముందు వేరు తవ్వి చూడండి

రామచంద్రపురం దగ్గర కాలవ కింద మా చేను. దాళ్వాకు (రబీ వరికి) నీళ్లు చాలని మెరక మడుల్లో మినుమే వేస్తాం. సార్వా (ఖరీఫ్ వరి) కోతకు రెండు మూడు రోజుల ముందు, నేల పదును మీద ఉండగా నిలబడ్డ వరిలోనే విత్తనం చల్లేస్తాం.

ఒక ఏడాది ఇరవై రోజుల మొక్క పసుపు తిరిగిందని టెన్షన్ పడి ఎకరాకు అర బస్తా యూరియా చల్లాను. వారంలో చేను నల్లగా, ఏపుగా లేచింది. ఆకే పెరిగింది, కాయ పట్టలేదు. వేళ్లు చూస్తే బుడిపెలు అక్కడొకటి ఇక్కడొకటి.

ఎందుకంటే, ఆ బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని ఊరికే పట్టివ్వదు. దానికి మొక్క తన చక్కెరను తిండిగా పెట్టాలి. ఒక్క నత్రజని అణువును మార్చడానికి కనీసం 16 ఏటీపీలు (కణాలు శక్తికి వాడుకునే అణువులు) ఖర్చవుతాయి. నేలలో నైట్రేట్ సులువుగా దొరుకుతుంటే మొక్క దాన్నే పీల్చుకుంటుంది. కొత్త బుడిపెలు రానివ్వదు, ఉన్నవాటికి తిండి తగ్గిస్తుంది. ఆ యూరియా అయిపోయేసరికి పూత వస్తుంది, ఆదుకునే బుడిపెలు ఉండవు.

అందుకే 25–30 రోజులప్పుడు చేలో నాలుగైదు చోట్ల చూడండి. మొక్కను పీకకండి, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు, ఎరుపు ఉంటే అది పనిచేస్తోంది, యూరియా జోలికి వెళ్లకండి. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదు, వారం ఆగి మళ్లీ చూడండి. ఆకుపచ్చగా ఉంటే దాని పని అయిపోయినట్టే. అసలు బుడిపెలే లేక మొక్క పాలిపోతే, నేలలో చల్లకుండా లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి.

ఆకుల మీద పసుపు మచ్చలు మచ్చలుగా ఉంటే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది. దానికి యూరియా మందు కాదు.

వచ్చే ఏడాదికి విత్తనం దగ్గరే జాగ్రత్తపడండి. 8–10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పొడి, చల్లారిన బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టండి. శిలీంద్రనాశిని వాడేవాళ్లు దాన్ని ముందు పట్టించి ఆరనివ్వాలి, రైజోబియం ఆఖర్న. ఎండలో పెడితే బాక్టీరియా చచ్చిపోతుంది. ఆరిన విత్తనాన్ని ఆ సాయంత్రమే చల్లేయండి.