సాలీడు పేరు తెలియాలంటే మొహం, పొట్ట అడుగు రెండూ ఫొటో తీయాలి

సాలీడు ఫొటో పంపి పేరు చెప్పమని అడిగేవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది వీపు ఫొటో ఒక్కటే. వీపు మీది చారలు ఒకే జాతిలో కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. పిల్ల సాలీడుకి ఒకలా, పెద్దదానికి ఇంకోలా ఉంటాయి. పేరు తేలేది కళ్ళ అమరికను బట్టి, పొట్ట అడుగుభాగాన్ని బట్టి, గూడు అల్లిక తీరును బట్టి. ఈ మూడూ సాలీడు ఎదురుగా ఉన్నప్పుడే తీసుకోవాలి, ఇంటికొచ్చాక దొరకవు.

వెతకడం ఇంట్లోనే మొదలుపెట్టండి. గది మూలల్లో బూజు కట్టే పొడుగు కాళ్ళ సాలీడు క్రాసోప్రైజా. దాని పొట్ట వెనక కొస పైకి మొనదేలి ఉంటుంది. గూడుని వేలితో తాకితే, ఒళ్ళు కనపడనంత వేగంగా ఊగిపోతుంది. ఎండపడే ప్రహరీ గోడ మీద ఈగల వెంట పడేవి జంపింగ్ స్పైడర్లు. బాత్రూంలో, సామాన్ల గదిలో అరచేతంత కాళ్ళు చాచి గోడకి అతుక్కుని ఉండేది హంట్స్‌మన్. చూస్తే భయం వేస్తుంది గానీ దానివల్ల ప్రమాదం లేదు, అది తినేది బొద్దింకల్ని. చీపురు తీయకండి.

బయటికెళ్తే వేప, చింత మొదళ్ళ దగ్గర నిలబడి బెరడుని ఏటవాలుగా చూడండి. బెరడు రంగులో కలిసిపోయి, తల కిందికి పెట్టి, వెనక రెండు తోకల్లా ఉన్నది కనిపిస్తే అది హెర్సీలియా. ఆ తోకలు నిజానికి దారం వదిలే అవయవాలు. పురుగు దొరికితే దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ చుట్టేస్తుంది. కృష్ణ ఒడ్డు పొదల్లో నడుము ఎత్తున, గూడు మధ్య తెల్లటి ఇంటూ గుర్తు వేసుకుని కూర్చునేది ఆర్జియోపి. తెనాలి వైపు వరిచేలల్లో ఆకు పొడుగునా పుల్లలా సాగి పడుకునేది టెట్రాగ్నాథా. ధనుర్మాసం పొద్దున్నే కాలవ గట్ల గడ్డి మీద మంచుబిందువులతో పరిచినట్టుండే గూళ్ళు హిప్పాసా అనే సాలీడువి. ఒక పక్కన గొట్టంలాంటి బొరియ ఉంటుంది, సాలీడు అందులోనే దాక్కుంటుంది. ఎనిమిదింటికల్లా మంచు ఆరిపోతుంది, ఆ తర్వాత గూడే కనపడదు. గూడు కనపడాలని పిండి చల్లకండి. అది బంకని పాడుచేస్తుంది, సాలీడు గూడు మళ్ళీ అల్లుకోవాల్సి వస్తుంది. వెలుగు ఎదురుగా పడేలా మీరే పక్కకి జరగండి.

రాత్రి పూట టార్చిని నుదుటికి కట్టుకోండి, లేదా కళ్ళ పక్కనే పట్టుకోండి. నడుము దగ్గర పట్టుకుంటే లాభం లేదు. నేల మీద తిరిగే తోడేలు సాలీడు (వుల్ఫ్ స్పైడర్) కళ్ళు వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి కాబట్టి, టార్చి మీ కంటికి దగ్గరగా ఉంటేనే నేల మీద ఆకుపచ్చ చుక్కలు మెరుస్తాయి. మంచుబొట్టూ మెరుస్తుంది, కానీ మీరు పక్కకి కదిలితే దాని మెరుపు పోతుంది, కన్ను మెరుస్తూనే ఉంటుంది. గమ్‌బూట్లు తప్పనిసరి. ఈ గట్ల మీద కట్లపాములు, రక్తపింజరలు తిరిగే వేళ అదే. కొండపల్లి లాంటి రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి.

ఇక ఫొటో. మాక్రో లెన్స్ (చాలా దగ్గర్నుంచి తీసే లెన్స్) ఉన్న కెమెరా అయితే ఎఫ్ 11, 1/200 సెకను, ఐఎస్ఓ 200, ఫ్లాష్‌తో మొదలుపెట్టండి. ఇంత దగ్గరలో ఫోకస్ పడే మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. అందుకే ఫోకస్ కళ్ళ మీద బిగించి, ఒంటిని కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊపుతూ పది ఫొటోలు కొట్టండి, ఒకటో రెండో నిలుస్తాయి. ఫ్లాష్‌ని నేరుగా వేస్తే నున్నటి పొట్ట మీద తెల్ల మచ్చ పడి చారలన్నీ మాయమవుతాయి. కొత్త మిక్సీకి చుట్టి వచ్చే తెల్లటి ఫోమ్ షీటు రెండు పొరలు ఫ్లాష్ ముందు కడితే ఆ బాధ తీరుతుంది. ఫోన్ అయితే క్లిప్ మాక్రో లెన్స్ చాలు. కానీ రెండు మూడు సెంటీమీటర్ల దాకా వెళ్ళాలి, మీ నీడ ముందు పడితే జంపింగ్ స్పైడర్ ఆకు కిందికి జారుకుంటుంది.

ముందు దూరం నుంచి గూడుతో సహా ఒకటి తీయండి. తర్వాత వీపు, ఆ తర్వాత ఎదురుగా మొహం, చివరికి అడుగుభాగం. గూడు మధ్య కూర్చునేదైతే గూడు వెనక వైపుకి వెళ్తే అడుగు కనిపిస్తుంది. తిరిగేదైతే పారదర్శకమైన చిన్న డబ్బాలోకి ఎక్కించి, అది గోడ పాకుతుంటే బయటినుంచి తీసి, ఐదు నిమిషాల్లో అదే చోట వదలండి. కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పొడవు అంటే మొహం నుంచి పొట్ట కొస దాకా, కాళ్ళు లెక్కలోకి రావు. సాలీడు వెళ్ళాక అదే ఆకు పక్కన స్కేలు పెట్టి, ఫోకస్ మార్చకుండా ఒకటి తీసుకోండి.

కళ్ళు చూస్తే కుటుంబం దాదాపు తేలుతుంది. ముందు రెండు కారు హెడ్‌లైట్లలా ఉంటే జంపింగ్ స్పైడర్. కింద నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, ఇంకా వెనక రెండు ఉంటే తోడేలు సాలీడు. దాని గుడ్ల సంచి వెనక తగిలించి ఉంటుంది, పిల్లలు వీపెక్కుతాయి. కళ్ళు ఆరు మూలలుగా అమరి, కాళ్ళ నిండా నిక్కబొడుచుకున్న ముళ్ళుంటే లింక్స్ స్పైడర్. మామిడి చెట్టు మీద ఆకులు కుట్టే ఎర్రచీమ నడక తేడాగా అనిపిస్తే కాళ్ళు లెక్కపెట్టండి. ముందు రెండు కాళ్ళని మీసాల్లా పైకెత్తి నడిచే సాలీడు కావచ్చు.

జాతి దాకా వెళ్ళాలంటే మగదాని మొహం పక్కనుండే చిన్న చేతుల కొసలు, ఆడదాని పొట్ట అడుగున ఉండే జననాంగం మైక్రోస్కోపులో చూడాలి. ఆ చేతుల కొసలు ఉబ్బి బాక్సింగ్ గ్లౌజుల్లా ఉంటే పెద్ద మగది. పిల్ల సాలీళ్ళకి చాలాసార్లు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు దగ్గరే ఆగిపోవాలి. లోకంలో 50,000కి పైగా జాతులున్నప్పుడు అక్కడ ఆగడమే నిజాయితీ.

సాలీళ్ళ బంధువులు కూడా ఇక్కడ బోలెడు. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ 22 ప్రాంతంలో, మంచి వాన పడ్డాక ఎర్రనేలల్లో ఆరుద్ర పురుగులు పైకొస్తాయి. ఆ ముఖమల్ ఎరుపు కెమెరాకి ఎక్కువైపోయి నూగు కనపడదు, ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించండి. గుంటూరు మిర్చి చేలో లేత ఆకుల అంచులు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా అయితే అది నల్లి, సాలీడు బంధువే. పైకి ముడిస్తే తామర పురుగు, అది కీటకం. పది రెట్ల భూతద్దంతో ఆకు అడుగున చూడండి. ఈ తేడా తెలియక సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే నల్లిని తినే పురుగులు చచ్చి నల్లి ఇంకా పెరుగుతుంది. పెద్ద నల్లికి కాళ్ళు ఎనిమిది, గుడ్డులోంచి అప్పుడే వచ్చినదానికి ఆరే. ఒక్క కాళ్ళ లెక్కనే నమ్ముకోవద్దు.

తేళ్ళూ ఈ బంధువుల్లోవే. వాటిని చూడాలంటే వెన్నెల లేని రాత్రి, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి కావాలి. ఆ వెలుగులో ఆకుపచ్చ నీలంగా వెలుగుతాయి, కుబుసం విడిచిన కొత్తలో మాత్రం వెలగవు. ముందరి డెక్కలు లావుగా, తోక సన్నగా ఉంటే మండ్రగబ్బ. డెక్కలు సన్నగా, తోక లావుగా ఉంటే ఎర్ర తేలు, అది కుడితే గుండెకి దెబ్బ. పసర్లతో కాలం గడపకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, ప్రాజోసిన్ మందు ఎంత తొందరగా పడితే అంత మంచిది. రాయి ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి లేపండి, తేలుకీ మీకూ మధ్య రాయి అడ్డుంటుంది. చూశాక ఉన్నచోటే బోర్లించండి.

తేదీ, సమయం, ఊరు, ఏ చెట్టు, నేలకి ఎంత ఎత్తు, గూడు ఉందా లేదా అన్నవి అక్కడే ఫోన్‌లో రాసుకోండి. రాత్రి ఇంటికొచ్చి గుర్తుచేసుకుంటే వేప మీది సాలీడు చింత మీదికి వెళ్ళిపోతుంది.