మాకినా ఐలండ్ వెళ్తున్నారా? ముందు కోట ఎక్కండి

మిషిగన్‌లో ఉండే మనవాళ్లు సమ్మర్‌లో హ్యూరన్ సరస్సులోని మాకినా ఐలండ్ అనే దీవికి వెళ్తారు, సైకిల్ తొక్కుతారు, ఫడ్జ్ అనే మిఠాయి కొనుక్కుని సాయంత్రం ఫెర్రీకి వచ్చేస్తారు. కొండ మీది తెల్లటి కోటకి (ఫోర్ట్ మాకినా) మాత్రం కింద నుంచే ఒక ఫోటో. నన్నడిగితే పొద్దున్నే, కాళ్లలో ఓపిక ఉండగానే చూడాల్సింది ఆ కోటే.

కోట సందర్శన మే నుంచి అక్టోబర్ దాకానే. డెట్రాయిట్ నుంచి కారులో నాలుగు గంటల పైమాటే కాబట్టి ముందు రోజు రాత్రికే ఇవతల ఒడ్డున ఉన్న మాకినా సిటీ చేరుకుని, పొద్దున్నే ఫెర్రీ ఎక్కేయండి. కారు అక్కడే వదిలేయాలి, దీవిలోకి 1898 నుంచి మోటారు బళ్లని రానివ్వరు. కోటకి ఎక్కే దారి బాగా ఏటవాలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే గుర్రబ్బండి టాక్సీ మాట్లాడుకుని వెనకవైపు నుంచి తీసుకెళ్లండి.

లోపలికి వెళ్లగానే ఏ ప్రదర్శన ఎన్నింటికో కనుక్కోండి, మిగతా ప్లానంతా దాన్ని బట్టే. 1880ల నాటి సైనికుల యూనిఫాంలో ఉన్నవాళ్లు డ్రిల్ చేసి, తుపాకులు, ఫిరంగి పేల్చి చూపిస్తారు. తుపాకీ పేల్చేటప్పుడు వీలైనంత ముందు నిలబడండి: స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ మీద చిన్న మూత ఉంటుంది, దాన్ని బొటనవేలితో పైకి లేపి, తూటా తోసి, టక్కున మూసి పేలుస్తారు, మళ్లీ మూత లేపగానే ఖాళీ తొడుగు బయటికొచ్చి పడుతుంది. ఫిరంగి దగ్గర మాత్రం చిన్నపిల్లల చెవులు గట్టిగా మూయండి. అయిపోగానే వెళ్లిపోకుండా ఆ సైనికుల్ని ప్రశ్నలు అడగండి, జీతమెంత, ఏం తినేవాళ్లు, చలికి సరస్సు గడ్డకడితే ఉత్తరాలు ఎలా వచ్చేవి అని. వాళ్లు అక్కడున్నదే అందుకు, మొహమాటం అక్కర్లేదు.

తర్వాత ఉత్తరం వైపు గోడ దగ్గరికెళ్లి వెనకున్న ఎత్తు చూడండి. 1812 జులైలో బ్రిటిష్ వాళ్లు రాత్రికి రాత్రి దీవి అవతలి ఒడ్డున దిగి, ఫిరంగిని ఆ ఎత్తు మీదికి లాక్కొచ్చి కోట వైపు గురిపెట్టారు. బ్రిటన్‌తో యుద్ధం మొదలైందన్న కబురే అందని అమెరికన్ దళం పోరాడకుండానే లొంగిపోయింది. కోట చూపంతా రేవు వైపు, దెబ్బ వచ్చింది వీపు వైపు! అక్కడ నిలబడి చూస్తేనే ఇది అర్థమవుతుంది.

టికెట్ పారేయకండి, కింద ఊళ్లో డాక్టర్ బోమాంట్ మ్యూజియంకి కూడా అదే చెల్లుతుంది. 1822లో అక్కడ తుపాకీ పేలి ఒక కుర్రాడి పొట్టకి పడిన రంధ్రం పూర్తిగా పూడలేదు, ఆ దారినే చూసి డాక్టర్ బోమాంట్ జీర్ణక్రియ ఎలా జరుగుతుందో తెలుసుకున్నాడు. మెడిసిన్ చదివే పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి.

కోటలో టీ రూమ్ ఉంది, రేవు మొత్తం కనిపిస్తుంది. శాకాహారులైతే పులిహోర డబ్బా బ్యాగులో ఉంటే నిశ్చింత. జులైలో అయినా జాకెట్ పెట్టుకోండి, ఆఖరి ఫెర్రీ ఎన్నింటికో దిగినప్పుడే అడిగేయండి.